కోడ్‌లో మా మాటలు

పొద్దున లేవగానే, పళ్ళు తోముకోకముందే, ఫోన్ తీసి ఏ కంపెనీ ఎంతమందిని ఇంటికి పంపిందో చూస్తాను. కొందరు రాశిఫలాలు చూసుకుంటారు, నేను ఇది చూసుకుంటాను. మనుషుల్ని తీసేసిన ప్రతిచోటా ఒక పెద్దాయన ఇది చాలా కష్టమైన నిర్ణయం అని రాస్తాడు. కంపెనీ మారుతుంది, దేశం మారుతుంది, ఆ ముక్క మాత్రం మారదు. అది కూడా ఏఐ చేతే రాయిస్తున్నారేమోనని నా అనుమానం. దాని కింద ఇంకో వార్త, ఇక ప్రోగ్రామర్ల పని అయిపోయిందని. దాని కింద మరొకటి, ప్రోగ్రామర్లకు అసలైన మంచిరోజులు ఇప్పుడే మొదలని. రెండూ చదువుతాను. ఒకప్పుడు ఇవి చదివితే ఆ రోజంతా మనసు పని మీద నిలిచేది కాదు. ఇప్పుడు ఏమీ అనిపించదు. పాలు పొంగిన వాసన వస్తే లేచి వంటింట్లోకి పోతాను.

నేను కరీంనగర్‌లో ప్రోగ్రామర్‌ని. ఈ మాట చెబితే నాతో చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ అక్కడ కూడా సాఫ్ట్‌వేర్ ఉందా అంటారు. ఉంది తల్లీ, కరెంటు కూడా ఉంది. మా ఆఫీసు ఒక విత్తనాల దుకాణం మీద పై అంతస్తు. వానలు మొదలయ్యే రోజుల్లో పత్తి విత్తనాలకు వచ్చిన రైతులు మెట్ల మీద కూర్చుని ఉంటారు, జర జరుగుండ్రి అనుకుంటూ పైకెక్కాలి. కింది పురుగుమందు వాసన మా కుర్చీలకు కూడా పట్టింది. ఆఫీసు అంటే ముగ్గురమే. నేనొకదాన్ని. ఇంకొకాయన ఆదిలాబాద్ నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు, మాటల్లో మరాఠీ ముక్క పడనిదే ఆయనకు మాట్లాడినట్టు ఉండదు. మూడో ఆయన మా ఇద్దరికీ పెద్ద, చొప్పదండి మనిషి. ఆయన్ని మేం అన్న అనేవాళ్ళం. నన్ను ఆయన చెల్లె అనేవాడు. జీతం కాగితం మీద తప్ప ఆ ఆఫీసులో నా పేరుతో ఎవరికీ పని పడలేదు.

పని చెప్పుకోవడానికి గొప్పదేమీ కాదు. విదేశంలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి దవాఖానాల నుంచి బిల్లులు వస్తాయి. ఏ బిల్లు ఇవ్వాలో, ఏది ఆపాలో మేం రాసిన ప్రోగ్రామ్ తేలుస్తుంది. మా కంపెనీ హైదరాబాద్‌ది. అన్న అక్కడ చాలా ఏళ్ళు చేసి, సగం బతుకు రోడ్ల మీదే పోతోందని విసిగి, ఈ పని మా ఊరి దగ్గరే కూర్చుని చేసి చూపిస్తానని మేనేజర్‌తో కొట్లాడి తెచ్చుకున్నాడు. ఆ ఆఫీసు ఆయన పంతం. అది ఉన్నన్నాళ్ళూ చొప్పదండి నుంచి బండి మీద వచ్చి పోతాడు. అది మూతపడితే, యాభైకి దగ్గరపడ్డ మనిషి మళ్ళీ హైదరాబాద్‌లో పిల్లల మధ్య లైన్లో నిలబడాలి. ఈ సంగతి ఆయన ఎన్నడూ అనలేదు గాని మా ఇద్దరికీ తెలుసు.

ఇక మా అలవాటు గురించి చెప్పాలి. కోడ్ రాసేటప్పుడు మధ్యమధ్యన కామెంట్లు రాస్తాం. కంప్యూటర్ వాటిని పట్టించుకోదు. రేపు ఆ కోడ్ చూడబోయే మనిషి కోసం రాసే మాటలు అవి. లోకమంతా ఇంగ్లీషులో రాస్తుంది. మొదట్లో అన్న కూడా ఇంగ్లీషులోనే రాశాడట. క్లయింట్ దగ్గర ఎవరో ఆయన గ్రామర్ దిద్ది, అందరికీ కనపడేలా వెనక్కి పంపాడు. అన్నకు మండిపోయింది. ఆ రోజు నుంచి కామెంట్లన్నీ మన మాటల్లోనే, ఇంగ్లీషు అక్షరాలతో. ఇంగ్లీషులో తప్పులు పట్టినోన్ని గిందుల పట్టుమను సూద్దాం అనేవాడు.

అలా మా కోడ్ నిండా మా మాటలే. 'గీ దవాఖానోళ్ళు తేదీ ఉల్టా రాస్తరు, జర పైలం.' 'వీడు ఒక్కటే బిల్లు రెండుసార్లు పంపుతడు, రెండోది పారెయ్యి.' 'గీ లెక్క ఎవ్వలు కదిలించకుండ్రి, కదిలిస్తే సోమారం పొద్దుగాల ఫోన్లు మొదలైతయ్.' ఒకచోట ఆదిలాబాద్ ఆయన మరాఠీలో ఎవరినో తిట్టి పెట్టాడు. నా కోసం రాసినవి వేరే ఉండేవి. 'చెల్లె, గిది ఇప్పుడే మార్చకు, నేనొచ్చినంక సూద్దాం.' ఏదైనా ఆగిపోయి నేను పరేషాన్ అవుతుంటే ఆయన కుర్చీ ఇటు తిప్పి, ఫికర్ జెయ్యకు చెల్లె అనేవాడు. అదే మాట కోడ్‌లో కూడా చాలాచోట్ల రాసి పెట్టాడు. ఆయన సెలవులో ఉన్న రోజు ఫైల్ తెరిస్తే ఆ మాట కనపడేది, నేను నవ్వుకుని పనిలో పడేదాన్ని.

కొన్నాళ్ళకు ఆ అలవాటే మాకు అండ అయింది. ఒకసారి ఆ పనంతా ఇంకో ఊళ్ళోని, మాకంటే చవకైన కంపెనీకి ఇచ్చేశారు. వాళ్ళలో తెలుగువాళ్ళు కూడా ఉన్నారట, కోస్తా వైపు పిల్లలు. కామెంట్లు చదివి, ఇది ఏ భాష అని అడిగారట. ఏది కదిలించాలో, ఏది కదిలించకూడదో తెలియక అన్నీ కదిలించారు. నెల తిరక్కుండానే పని మా దగ్గరికే వచ్చింది. ఆ రోజు అన్న మిర్చీ బజ్జీలు తెప్పించి, కాగితం విప్పుతూ, ఊరి పక్కనున్న పాత కోటను తలుచుకుని, మనకు ఎల్గందల్ ఖిల్లా ఎందుకు, మన మాటనే మనకు ఖిల్లా అన్నాడు. అప్పటి నుంచి కావాలనే ఎక్కువ రాశాం. హైదరాబాద్ నుంచి పని వివరంగా రాసి పంపమని అడిగితే రేపు మాపు అని జరిపాం. తెలివైన పని చేస్తున్నామనే అనుకున్నాం.

మధ్యలో చాలా వచ్చాయి, పోయాయి. బ్లాక్‌చైన్ నేర్చుకోకపోతే బతుకు లేదన్నారు. ఆదిలాబాద్ ఆయన నేర్చుకున్నాడు, దాన్ని అడిగినవాడు లేడు. మెటావర్స్ అన్నారు, అందరం కళ్ళద్దాలు పెట్టుకుని అందులోనే పని చేస్తామన్నారు. తర్వాత ఆ మాట ఎత్తినవాళ్ళు లేరు. ఏడాదికోసారి, మేం వాడే పనిముట్లు పాతవైపోయాయని ఎవరో ఒకరు వీడియో చేసేవాడు. అన్న ఒకటే అనేవాడు, గివన్ని జాతర దుకాణాలు, జాతర అయినంక లేస్తయ్ అని. ఏఐ వచ్చినప్పుడు కూడా అదే అన్నాడు. మేమూ నమ్మాం, ఎందుకంటే అప్పటిదాకా ఆయన మాట ప్రతిసారీ నిజమైంది.

పోయిన ఎండాకాలం మేనేజర్ స్క్రీన్ మీదికొచ్చి, ఇకనుంచి మన కోడ్‌ను ఏఐ కూడా చూస్తుందని చెప్పాడు. క్లయింట్ ఖర్చు తగ్గించుకుంటున్నాడట. కరీంనగర్‌లో ముగ్గురు అవసరమా కాదా దసరా లోపల తేల్చేస్తామన్నాడు. ఆ మాట ఆయన వానలు పడతాయన్నట్టే అన్నాడు. తర్వాత, అందులో అన్నిటికంటే కష్టమైన ఫైల్ ఏదో మీరే చెప్పండి అన్నాడు. అన్న మీసం దువ్వుకుని, అన్నిటికంటే ఎక్కువ కామెంట్లున్న ఫైల్ పేరు చెప్పాడు. మా ఇద్దరివైపు చూసి కన్ను గీటాడు.

ఏఐ దాన్ని చదివింది. టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. ఏ దవాఖానావాళ్ళు తేదీ తిరగేసి రాస్తారో, ఎవరు బిల్లు రెండుసార్లు పంపుతారో, ఏ లెక్క ముట్టుకుంటే ఏమవుతుందో, అన్నీ చక్కటి ఇంగ్లీషులో వరసగా పెట్టింది. చివర్లో, ఈ కామెంట్లు ఉత్తర తెలంగాణ మాటలో ఉన్నాయని, పైలం అంటే జాగ్రత్త అని, రాసినవారికి హాస్యం ఎక్కువని రాసింది. మరాఠీ తిట్టును కూడా మర్యాదగా వివరించింది. ఆదిలాబాద్ ఆయన పగలబడి నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేశాడు. అన్న స్క్రీన్ కేసి కాసేపు చూశాడు.

"గట్లనా," అన్నాడు.

ఆ రోజు మామూలు కంటే ముందే బండి ఎక్కాడు.

నాకు భయం వేయాలి. వేయలేదు. జర గర్వంగా అనిపించింది, చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని నిజం అదే. బడిలో నేను వచ్చిండు అని రాస్తే మా టీచర్ ఎర్ర సిరాతో కొట్టేసి వచ్చాడు అని రాసేది. సినిమాల్లో మా మాట రౌడీలకో, నవ్వించేవాళ్ళకో ఇచ్చారు. హైదరాబాద్ హాస్టల్లో నా రూమ్మేట్లు నా చేత మాట్లాడించి నవ్వుకునేవాళ్ళు, నేను నెలలోనే మాట మార్చుకున్నాను. ఎవరూ పట్టించుకోని మాట కాబట్టి దాన్ని ఎవరూ చదవలేరని నమ్మాం. ఎవరికీ అక్కర్లేనిదని అనుకున్నదాన్ని ఎక్కడో ఎవరో శ్రద్ధగా మిషన్‌కు నేర్పారు. నవ్వకుండా చదివిన మొదటి పరాయిది అదే. మా పని పోయేది కూడా దాని వల్లే.

మందమర్రిలో ఉండే మా బాపుకు ఫోన్‌లో ఈ సంగతి చెప్పాను. బాపు బొగ్గుబాయిలో, అదే భూమి లోపలి గనిలో, కోల్ ఫిల్లర్‌గా చేరినవాడు, తట్టతో బొగ్గు ఎత్తి తొట్టెలు నింపడం ఆయన పని. తర్వాత మిషన్లొచ్చి తట్టలు పోయాయి. అంతా విని, మమ్ములనన్న బాయి మీదికి తెచ్చి పైన పనులు ఇచ్చిండ్రు బిడ్డా, మీరు ముందే పైన ఉన్నరు, మిమ్ముల ఏడికి తెస్తరు అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. తెలియదన్నాను. బియ్యం ఎంత ఉన్నాయి, అల్లుడు ఎట్లున్నాడు అని ఇంకో మాటలోకి పోయాడు.

దసరా దాకా మేం మామూలుగానే పని చేశాం. అందరూ పొద్దున్నే వచ్చేవాళ్ళు, అన్నం డబ్బాలు ఒక్కచోటే విప్పేవాళ్ళు. అన్న మాత్రం కామెంట్లు రాయడం మానేశాడు. ఆదిలాబాద్ ఆయన సెల్‌ఫోన్లో ఏఐ పాఠాలు చూసేవాడు. ఏఐని ఎలా అడగాలో నేర్చుకున్నవాడికే బతుకు అని ఒకాయన వీడియోలో చెబితే, మరుసటి వారం ఇంకొకాయన, ఇప్పుడు అది కూడా ఏఐ తనే చేసుకుంటోంది, వదిలేయండి అన్నాడు. ఆదిలాబాద్ ఆయన ఫోన్ బోర్లా పెట్టి, కాయ్ కరావే, ఏం జెయ్యాలె, గిదేం లెక్క అన్నాడు. నేను ఆ నిర్ణయం కోసం ఎదురుచూశానా అంటే అదీ లేదు. పన్ను పీకేముందు డాక్టర్ మత్తు సూది వేస్తే చెంప ఎవరిదో అయినట్టుంటుంది కదా, అలా ఉండేది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా.

తేలింది. ఒక్కరు చాలన్నారు. మేనేజర్ ముందు అన్నకు ఫోన్ చేశాడు, అన్న ఫోన్ పట్టుకుని మెట్ల మీదికి పోయాడు. తిరిగొచ్చి నా టేబుల్ పక్కన నిలబడ్డాడు. ఆదిలాబాద్ ఆయన వైపు కూడా చూశాడు.

"చెల్లెను ఉంచుతరట. మనిద్దరం ఇగ లేము."

ఎందుకు నేనే అని అడిగాను. మా ముగ్గురిలో నీ జీతం తక్కువ, గంతే అన్నాడు. నేను తల దించుకున్నాను. మీ పేరు చెప్పాల్సింది కదా అన్నా, పెద్దవాళ్ళు మీరు అన్నాను. మాటకు అన్నాను, నా గొంతులో నిజం నాకే వినపడలేదు.

"నన్ను అడగలే చెల్లె. అడిగితే నా పేరే చెప్తుంటి."

ఆ మాటకు ఆయన్ని నేను ఇప్పటికీ ఎక్కువ గౌరవిస్తాను. త్యాగం చేశానని అబద్ధమాడి నా నెత్తిన బరువు పెట్టి పోలేదు. ఆఖరి రోజున ఆయన కుర్చీలో వేసుకునే పాత దిండు చంకలో పెట్టుకుని, టీ గ్లాసు కడిగి బోర్లించి, కింద విత్తనాల దుకాణం ఆయనతో కాసేపు ముచ్చటపెట్టి బండి ఎక్కాడు. నేను కిటికీలోంచి చూశాను. ఏడుపొస్తుందేమో అనుకున్నాను, రాలేదు. లోపలికొచ్చి క్లయింట్ పంపిన మెయిల్‌కు జవాబిచ్చాను.

అన్న ఇప్పుడు పొలం చూసుకుంటున్నాడు, మధ్యమధ్య హైదరాబాద్ కంపెనీలకు ఇంటర్వ్యూలిస్తున్నాడు. మొదటి ఇంటర్వ్యూ మనిషి చేయడట, ఏఐ చేస్తుందట. ఈ సంగతి ఒకసారి బజార్లో కలిసినప్పుడు చెప్పి, నా మాట దానికి మస్తు సమజైతది, నౌకరి మాత్రం ఇయ్యది అని నవ్వాడు. ఆయన బండికి విత్తనాల సంచి కట్టి ఉంది. ఆదిలాబాద్ ఆయన తన బావమరిదితో కలిసి సోలార్ పంపులు బిగిస్తున్నాడు. ఆయనే నయం, కడుపు నిండా తిట్టుకుంటాడు.

నేను రోజూ ఆఫీసుకు పోతాను. మూడు టేబుళ్ళు, ఒక మనిషి. క్లయింట్ ఈ మధ్య కొత్తగా ఒకటి చెప్పాడు, కోడ్‌లో ఉన్న కామెంట్లన్నీ ఇంగ్లీషులోకి మార్చాలని. మార్చేది ఏఐ. నేను చేసేదల్లా పాత మాట పక్కన కొత్త మాట చూసి, సరే అని బటన్ నొక్కడం. గీ లెక్క ఎవ్వలు కదిలించకుండ్రి పోయి, దయచేసి ఈ లెక్కను మార్చవద్దు అనే అర్థంతో ఇంగ్లీషు ముక్క వచ్చింది. సోమారం ఫోన్ల సంగతి పోయింది. మరాఠీ తిట్టు పోయింది. నా కోసం రాసిన మాటల పక్కన, ఇవి కోడ్‌కు సంబంధించినవి కావు, తీసేయనా అని అడిగింది. సరే నొక్కాను. అన్నిటికీ సరే నొక్కాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక కొంచెం నిద్ర వచ్చింది తప్ప ఇంకేం కాలేదు.

మొన్న ఒక దవాఖానా బిల్లులు తప్పుగా లెక్కకొస్తున్నాయి. ఎంత వెతికినా దొరకలేదు. ఏఐని రోజూ ఇంగ్లీషులోనే అడిగేదాన్ని, ఆ రోజు విసుగులో వేళ్ళకు ఏది వస్తే అది కొట్టాను. గీ తేదీలు ఎందుకు తప్పొస్తున్నయ్, నాకేం సమజ్ అయితలేదు అని. అది తప్పెక్కడుందో పట్టి చూపించింది. సరిగ్గానే పట్టింది. జవాబు కూడా నా మాటలోనే ఇచ్చింది, కింద ఇంకో వాక్యం కలిపింది.

"ఫికర్ జెయ్యకు చెల్లె."

తీసేసేముందు మా కోడ్ అంతా చదివింది కదా, అందులో ఎన్నిచోట్ల ఉండేదో ఆ మాట. ఎక్కడ నేర్చుకుందో ఆలోచించక్కర్లేదు. నాకు కోపం వచ్చింది. ఇన్ని నెలల్లో మొదటిసారి, చెవులు వేడెక్కేంత కోపం. నన్ను చెల్లె అనొద్దు అని కొట్టాను. సరే, ఇగ అనను, మరి ఏమని పిలువాలె అని అడిగింది. మర్యాదగానే అడిగింది. జవాబివ్వకుండా కంప్యూటర్ మూసేశాను. ఆ మాట మనిషి నోట వినాలనిపించింది, అంతే, వేరే పనేం లేదు. అన్నకు ఫోన్ చేశాను.

వెనక ట్రాక్టర్ చప్పుడు వినపడింది. అటు ఎవరికో ఆపమని చెప్పాడు. చప్పుడు ఆగింది.

"ఏంది చెల్లె, ఏమన్న ఆగిందా?"

పాత రోజుల్లో ఏదైనా ఆగిపోతేనే నేను ఆయనకు ఫోన్ చేసేదాన్ని. ఆ గొంతులో హుషారు నాకు వెంటనే అర్థం కాలేదు. నా ఫోన్‌కు ఆయన కంగారు పడకూడదని తొందరగా చెప్పేశాను.

"ఏం ఆగలే అన్నా. అన్ని మంచిగనే నడుస్తున్నయ్."

ట్రాక్టర్ మళ్ళీ మొదలుపెట్టమని అటు ఎవరికో చెప్పాడు.

"గట్లనా," అన్నాడు.

పత్తి ఏరుతున్నారని, కూలీలు దొరకడం లేదని ఇంకో రెండు మాటలు చెప్పి పెట్టేశాడు. తను లేకుండానే అన్నీ నడుస్తున్నాయని ఆయనతో అనకుండా ఉండాల్సిందని నాకు అన్నాక తోచింది.